నూలు పంపిన వెబ్‌సైటు

గద్వాల చీరలు నేసే మా చెల్లెలు, ఆర్డర్లు రాకపోతే నెలాఖరుకు మగ్గం ఆపేస్తానంటోంది. ఫోన్లో తెరిస్తే ఆమె వెబ్‌సైటు నిండుగా ఉంటుంది. నెట్‌లో వెతికితే మాత్రం దొరకదు. ఈ రోజు ఇద్దరం వనపర్తి వెళ్లి, సైటు చేసిచ్చిన శీనయ్యను నిలదీశాం.

“స్వామీ, మా సర్వర్ కంప్యూటర్ నుంచి పేజీ ఖాళీగ పోతది. చూసేటోళ్ల ఫోనే నింపుకుంటది. వెతికే యంత్రం గంతసేపు ఆగక, ఏం లేదనుకొని పోతది.”

చెల్లెలు భగ్గుమంది. “అంటే చీరకు బదులు నూలు పంపుతున్నవా? గిరాకీ ఇంట్ల మగ్గముంటదా? నేసి పంపు!”

“సర్వర్లనే నేసి పంపుత అక్కా. కనబడనీకె జర టైం పడ్తది.”

కంటికి కనబడకున్నా ఉన్నాడు, ఓపిక పట్టండని ఊరూరా ప్రవచనాల్లో గొంతు చించుకునేవాణ్ణి. సాయంత్రం నుంచి ఒళ్లో గ్రంథం అలాగే ఉంది, వేళ్లు ఫోను మీదే ఉన్నాయి. దేవుణ్ణి కూడా ఇన్నిసార్లు వెతకలేదు. ఆ సైటు మీకెవరికైనా కనబడితే చెప్పండి.