మూణ్ణెల్లు ఒకటే తీగ

మా చిన్నప్పుడు... చోడవరం బస్టాండు వెనక, ప్రకాశం మేస్టారి మేడగదిలో, ఎడమకాలి కింద ఇటుక పెట్టుకుని గిటార్ మీటేదాన్ని. పాట కాదు... ఒకటే తీగ!

కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు. మార్చి మార్చి మీటాలి. ఒకే వేలు వరసగా రెండుసార్లు పడిందా, ఆయన చెవికి తెలిసిపోయేది.

"ఆగమ్మా. నడిసేటప్పుడు ఒకే కాలు రెండుసార్లు ఏస్తామేటి?"

మూణ్ణెల్లు అదే పాఠం. తీగ మీటడానికి కుడిచేతి గోళ్ళు పెంచమన్నారు కూడా. ఇంట్లో అందరికీ అనుమానం పట్టుకుంది. "కుడిచేతికే గోళ్ళేటే? అన్నం ఎలా కలుపుతావు?" అని అమ్మ. "ఎక్కణ్ణుంచి వచ్చేడో తెలీదు... ఆయనకి అసలు వాయించడం వచ్చా?" అని నాన్న.

నాకూ అదే అనుమానం. మేస్టారు గిటార్ ఒళ్ళోకి తీసుకోగా ఏనాడూ చూడలేదు. పైగా ఎడమచేతి మీద ఎప్పుడూ ఒక తువ్వాలు... ఎండాకాలంలో కూడా! ఆ సంగతి నాన్నకు చేరవేసింది నేనే.

మర్నాడు నాన్న చెప్పకుండా నాతో మేడెక్కేశారు. "ఒక్క పాట వాయించండి మేస్టారూ. వినీసి వెళ్ళిపోతాను."

మేస్టారు ఎడమచేతి మీది తువ్వాలు తీశారు. ఎడమచేతి రెండు వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుపోయి ఉన్నాయి.

"బండి మీంచి పడిపోనాను బాబూ. నరం తెగిపోయింది. సెప్తే పిల్లల్ని ఎవులు పంపుతారు?"

నాన్న తల దించుకున్నారు. నాకైతే ఏడుపొచ్చేసింది.

ఆయన మాత్రం గిటార్ ఒళ్ళోకి తీసుకుని, "ఇలా రా. నీ ఎడమచెయ్యి నాకియ్యి" అన్నారు. పక్కన నించుని, గిటార్ మెడ మీద ఆయన చెప్పిన మెట్టు దగ్గర చెప్పిన తీగ నొక్కాను. ఆయన కుడిచేతి వేళ్ళు కదిలాయి... బొటనవేలు కింద బరువైన స్వరం, మిగతా మూడు వేళ్ళ కింద వాన చినుకుల్లా సన్న స్వరాలు. ఒక్క మనిషి చెయ్యి అన్ని గొంతులు పలికించగలదని ఆరోజే తెలిసింది.

ఇంటికొస్తూ స్కూటర్ మీద నాన్న ఒక్క మాటే అన్నారు. "రేపణ్ణించి ఆ తువ్వాలు తీసీసి చెప్పమను."

ఆయన దగ్గర ఇంకో నాలుగేళ్ళు నేర్చుకున్నాను. తరవాత మేస్టారు ఊరు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఎక్కడికో ఎవరూ చెప్పలేకపోయారు.

ఇప్పుడు మా అమ్మాయి ఫోన్‌లో చూసి గిటార్ నేర్చుకుంటోంది. ఎవరు నేర్పుతారో, ఎంతమంది మెచ్చుకున్నారో అన్నీ ముందే చూసుకుంది... అనుమానానికి చోటే లేదు. కానీ తను ఎన్ని తప్పులు మీటినా, ఆ ఫోన్ తన పాటికి తను వాయించుకుంటూ పోతోంది...

అనుమానించి, ఆనక సిగ్గుపడ్డ మేస్టారు మీకూ ఒకరుండే ఉంటారు. ఆయన పేరొక్కసారి ఇక్కడ రాయండి...