మేడం మడిచి చూపిన చీర

మా ఎదురింటి జువాలజీ మేడం మొన్న పొద్దుగాల చనిపోయింది. గుండె ఆగిందన్నరు. పాలు పోసేటామె వచ్చి చెప్పంగనే నాకు దుఃఖం రాలేదు, భయమైంది. ఆమె కోసం కాదు, మా బుడ్డోని కోసం. నా కొడుకు కొడుకు వాడు. వాని రక్తపరీక్ష ఈ వారంలోనే. మేడం పక్కన లేకుండ ఆ దవాఖాన మెట్లు ఎట్ల ఎక్కుడు అన్నదే నా మొదటి ఆలోచన. ఏడుపు తర్వాత వచ్చింది. వచ్చినంక పోలేదు.

మేడం పుట్టింది ఖానాపూర్ దిక్కు. కరీంనగర్ల ఆడపిల్లల కాలేజీల పాఠాలు చెప్పి రిటైరైంది. నేను హైస్కూల్ల సోషల్ చెప్పిన. రిటైరైన టీచరమ్మలిద్దరు ఎదురెదురు ఇండ్లల్ల ఉంటే గల్లీల మిగతావాళ్ళకు మాట్లాడే సందు దొరకదు. ఆమె ఎవరింటికి వచ్చినా కుర్చీల కూసోదు, వంటింటి గడప మీద కూసుంటది. చేతులకు పని కావాలె. చిక్కుడుకాయలో, పల్లికాయలో ముందటేసుకొని ఒలుచుకుంట మాట్లాడుతది. నేను మధ్యల అడ్డం తగిలితే "పాఠం అయినంక అడుగు అక్కా" అనేది. నన్ను విద్యార్థిని చేసిన మనిషి ఆమె ఒక్కతే.

బుడ్డోని అక్క, నా మనవరాలు, ఏడాది నిండకముందే తెల్లగ పాలిపోయింది. చుట్టాల్ల ఒకామె దిష్టి అన్నది, ఇంకొకామె మా వాకిలి దిక్కు మంచిగ లేదన్నది. వాకిలి కట్టినప్పుడు లడ్డూలు తిని మెచ్చుకున్నది గూడ ఆమెనే. పిల్లను దవాఖానకు తోల్కపోయింది మాత్రం మేడం. తలసేమియా అని తేలింది, ఒంట్ల రక్తం సరిగ తయారు కాదట. కొన్నాళ్ళకోసారి రక్తం ఎక్కియ్యాలె. కోడలు నా తమ్ముని బిడ్డనే. ఆమె అన్న నస్పూర్ల బొగ్గుబాయి పని చేస్తడు. కబురందితే చాలు, రక్తమిచ్చేటోళ్ళను వెంటేసుకొని బస్సు దిగుతడు.

తర్వాత పెద్ద పరీక్షకు పిల్ల రక్తం హైదరాబాద్ పంపిన్రు. రక్తం తయారుచేసే జీన్‌ల తప్పేమీ లేదట, దాని ముందున్న జాగల తప్పున్నదట. నాకు ఒళ్ళు మండింది.

"జీన్ మంచిగుంటే పిల్లకు రక్తమెందుకు లేదు మేడం?"

"అక్కా, నీ ఒంట్ల దాదాపు ప్రతి కణంల అవే జీన్లుంటయి. కంటి కణానికి గూడ రక్తం చేసే విద్య తెలుసు. కాని చెయ్యదు, నోరు మూసుకొని ఉంటది."

"తెలిసీ నోరు మూసుకుంటదా? అట్లయితే అది మా వంశపు కణం కాదు."

ఆమె నవ్వుతుంటే ఒడిల కాయలు కింద పడ్డయి. ఏరుకుంట చెప్పింది. ఏ జీన్ ఎక్కడ, ఎప్పుడు, ఎంత పని చెయ్యాల్నో చెప్పే జాగలు వేరే ఉంటయట. ఒకటి జీన్‌కు ముందటనే ఉంటది. జీన్‌ను చదివేటిది అక్కడ కుదురుకుంటేనే చదువుడు మొదలైతది. మా పిల్లకు ఆ జాగ, తల్లి దిక్కుది, తండ్రి దిక్కుది, రెండూ చెడినయి. చదువుడు ఆగిపోలేదు, మందగించింది. ఇంకొన్ని జాగలు శానా దూరంల ఉండి హుకుం చేస్తయట.

"అంత దూరం నుంచి హుకుం ఎట్ల నడుస్తది?" అన్న. ఢిల్లీ హుకుం కరీంనగర్ చేరేసరికి ఏమైతదో బళ్ళె చెప్పినదాన్ని మరి.

ఆమె లేచి తీగ మీద ఆరేసిన నా చీర తీసింది. "కొంగు ఎక్కడున్నది, కుచ్చిళ్ళ జాగ ఎక్కడున్నది? గిప్పుడు చూడు" అని మడిచింది. కొంగు కొస వచ్చి కుచ్చిళ్ళకు తగిలింది. "డీఎన్ఏ గూడ గిట్లనే మడత పడ్తది. దూరంది దగ్గరైతది."

అప్పుడు బాగనే ఉన్నదనుకున్న. కోడలు మళ్ళ నెల తప్పినంక, ఈ బిడ్డకు గూడ గట్లనే అయితదేమోనని, ఆ చీర కట్టుకోబుద్ధి కాలేదు.

బుడ్డోడు బొద్దుగ పుట్టిండు. రక్తం మంచిగున్నదన్నరు. తొట్టెల పండుగ ఘనంగ చేసిన. మేడం వచ్చి లడ్డు తిన్నది, పిల్లగాని అరికాళ్ళు నిమిరి పోయింది. తెల్లారి వచ్చి గడప మీద కూసున్నది. చేతుల ఏమీ పట్టుకోలేదు.

"ఇప్పుడే ఖుషీ కావద్దు అక్కా. కడుపుల ఉన్నప్పుడు రక్తం చేసే జీన్ వేరు. పుట్టినంక అది మెల్లగ మూతపడ్తది, పెద్దోళ్ళ జీన్ తెరుచుకుంటది. దూరపు కొంగు గా కుచ్చును ఇడిచి గీ కుచ్చును పట్టుకుంటది. వీడు గిప్పుడు బతుకుతున్నది కడుపుల నాటి జీన్ మీద. మామూలు రక్తపరీక్షల అసలు సంగతి తెలిసేది ఆర్నెల్లు దాటినంకనే."

"నిన్న లడ్డు తిని ఈయాళ చెప్తరా?"

"నిన్న చెప్తే నువ్వు అందరి ముంగట ఏడ్చేదానివి."

అది నిజమే. అందుకే ఎక్కువ కోపమొచ్చింది.

అప్పటిసంది నాకు కంటి నిండ నిద్ర లేదు. బుడ్డోడు బోర్ల పడ్డడంటే ఇంటిల్లిపాది చప్పట్లు కొట్టిన్రు, నేను వాడు పుట్టి ఎన్ని నెలలైందో వేళ్ళ మీద లెక్కపెట్టిన. పెరుగుతున్నడంటే కడుపుల నాటి జీన్ మూతపడుతున్నట్టే గద. ఇంట్ల కరెంటు పోతే తెలుస్తది. ఆ పిల్లగాని ఒంట్ల ఒకటి ఆరిపోతుంటే, ఇంకొకటి వెలుగుతున్నదో లేదో చప్పుడన్నా రాదు. పరీక్షే వద్దన్న మేడంతోని. తెలువకుంటేనే నయమన్న.

"భయం పోయినంక పోదామంటే ఎన్నటికీ పోలేం అక్కా. దాన్ని గూడ సంకనేసుకొని పోదాం. నేను వస్త" అన్నది. ఆమె మాట తప్పుడు నేనెరిగినంతల ఇదొక్కసారే.

నిన్న కోడలు, నేను పోయినం. నర్సు బుడ్డోని చెయ్యి పట్టి సూది గుచ్చంగనే కప్పు ఎగిరేటట్టు అరిచిండు. కోడలు సముదాయించబోతే నేనే ఆపిన.

"జరసేపు ఏడ్వనియ్యి బిడ్డా."

"నీకు గుండె లేదా అత్తా?"

వాని మొకం ఎర్రబడ్తున్నది. నొసలు, చెంపలు, ఆఖరికి చెవి తమ్మెలు గూడ. ఆ ఎరుపు పాత జీన్‌దా, కొత్తదాందా చెప్పే మనిషి లేదు. వాడు ఊపిరి తీసినప్పుడు తగ్గుకుంట, మళ్ళ అరిచినప్పుడు ఎక్కుకుంట ఉన్నది. నేను రెప్ప వెయ్యకుండ దాన్నే చూసుకుంట నిలబడ్డ.