కల్‌ప్రిట్ మాటకు అర్థం చెప్పినవాడు

ఇన్నేళ్లు గుండె మీద బండ మోశాను. నా భార్యకు చెప్పలేదు. కొండగట్టు అంజన్నకు కూడా సగమే చెప్పుకున్నాను. మీకెందుకు చెబుతున్నాను? మీరు నన్నెరగరు గనక.

కోర్టుల్లో ఉర్దూ పోయి ఇంగ్లీషు వస్తున్న రోజులు. కరీంనగర్ జిల్లాలో ఓ చిన్న కోర్టులో నేనూ మహమూదూ పక్కపక్క బల్లల గుమాస్తాలం. ఇద్దరం ఉర్దూలో చదివినవాళ్లమే. వాడు ఏడాదిలో ఇంగ్లీషు పట్టేశాడు. నేను ప్రతి వాక్యం దగ్గరా బురదలో బండిలా దిగబడేవాణ్ణి. మున్సిఫ్ గారు ఏ కాగితమొచ్చినా మహమూద్‌నే పిలిచేవారు. నాకు కడుపు మండేది. దాచడమెందుకు, ఇప్పటికీ మండుతుంది.

ఒకరోజు ఆయన కల్‌ప్రిట్ అంటే ఏమిటని అడిగారు. “దొంగ, సాబ్” అన్నాను. మహమూద్ నవ్వాడు.

“జర ఆగన్నా. ఎన్కట ఇంగ్లండు కచేరీల ముద్దాయి ‘నేను చెయ్యలే’ అంటే, సర్కారు గుమాస్తా అప్పటి కచేరీ భాష ఫ్రెంచిల ‘చేసినవ్, రుజువుకు మేం తయార్’ అంటుండెనట. గా రెండు ఫ్రెంచి మాటలు ‘కల్’, ‘ప్రిట్’ అని కురుచ జేసి కలిపి రాసుకున్నరు. ఆఖరికి గదే ముద్దాయికి పేరైంది.”

మున్సిఫ్ గారు వాడికి కుర్చీ వేయించి చాయ్ తెప్పించారు. నేను నిలబడే ఉన్నాను.

ఆ శుక్రవారం వాడు నమాజుకు పోయినప్పుడు, ఒక భూమి తగాదా కాగితాల కట్ట తీసి వాడి సంచిలో, సద్దిగిన్నె కింద పెట్టాను. సాయంత్రం కట్ట కనబడటం లేదని లొల్లి చేసిందీ నేనే. సంచి దులిపారు. అవతలి పార్టీకి అమ్ముకోవడానికే తీశాడన్నారు అందరూ.

“నేను తియ్యలే సాబ్,” అన్నాడు మహమూద్.

ఎవరైనా చూశారా అని అడిగారు మున్సిఫ్ గారు.

“నేను సూసిన సాబ్,” అన్నాను.

మహమూద్ నావైపు తిరిగాడు. “రుజువుకు నువ్వు తయారైనవా, అన్నా?”

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణేమో.

వాడి నౌకరీ పోయింది. ఒకసారి మెట్‌పల్లి అంగట్లో గాజులమ్ముతూ కనబడితే గొడుగు అడ్డం పెట్టుకుని దాటిపోయాను. వాడి బల్ల నాకిచ్చారు. సొరుగులో వాడి డిక్షనరీ ఉండిపోయింది, అంచుల నిండా వాడి ముత్యాల్లాంటి రాత. ఆ రాత చూసీ కుళ్లుకున్నాను! అన్నం లాక్కున్నవాడికి ఇంకా కుళ్లేమిటి? ఛీ, నా బతుకు.

పోయినేడు మహమూద్ పోయాడని విన్నాను. క్షమించాల్సినవాడు లేడిక. నన్నెవరూ అడగలేదు, నేనే చెబుతున్నాను. ఆ కట్ట సంచిలో పెట్టింది నేను. రుజువు అక్కర్లేదు.