చిన్నమ్మ బొట్టు ఎటు పోయింది

రంగుల ఫోటో ఫోన్లో ఎవరైనా తీస్తారు. నేను మాత్రం సిరిసిల్లలో మా ఇంటి స్నానాల గది కిటికీకి నల్లగుడ్డ కట్టి, ఎర్ర బల్బు పెట్టుకుని నలుపు తెలుపు ఫోటోలు కడుగుతాను. తెలుపుకీ నలుపుకీ మధ్య ఎన్ని బూడిద ఛాయలు పలికితే ఫోటో అంత బాగా వచ్చినట్టు. ఈ మాట తలుపు బయట స్నానానికి ఆగిన మా ఇంటివాళ్లందరికీ కంఠతా వచ్చు.

నా గొప్పను నమ్మింది ఒక్క కోరుట్ల చిన్నమ్మే, మా అమ్మ చెల్లెలు. ఆమె భర్త, మా చిన్నబాపు, సెలవు అయిపోయి మళ్లీ మస్కట్ వెళ్తున్నాడు. ఆయన వెంట పంపడానికి తన ఫోటో ఒకటి కావాలని నా దగ్గరికి వచ్చింది.

ఫోటో తీసి, కడిగాక ప్రింటు చూసి నేనే మురిసిపోయాను. చెంప మీది వెలుగు మెల్లమెల్లగా మెడ దగ్గరి నీడలోకి దిగింది. పట్టుచీర ప్రతి మడతా విడిగా కనిపిస్తోంది. చిన్నమ్మ చాలాసేపు చూసింది.

"నా బొట్టేది బిడ్డా?"

నిజమే. అంత పెద్ద కుంకుమ బొట్టు పెట్టుకుని కూర్చున్న మనిషి నుదురు బోసిగా ఉంది. కుంకుమ ఎరుపూ, ఆమె చామనఛాయా ఒకే బూడిదగా పడి కలిసిపోయాయి. మొగుడు ప్రయాణమయ్యే వేళ బొట్టు లేని ఫోటో.

"పోనీ, దీని మీద కొంచెం కుంకుమ అద్దితే?" అన్నాను.

"సచ్చినోళ్ల ఫోటోకు పెట్టినట్టా? నన్ను గోడకెక్కిస్తవా ఏంది?"

నవ్వుతూనే అంది గానీ కళ్లు ఫోటో మీదే ఉన్నాయి.

ఆమెను కూడా గదిలోకి తీసుకెళ్లి మళ్లీ మొదలుపెట్టాను. వెలుగు ఎక్కువ పడిన చోట కాగితం నల్లబడుతుంది. అట్టముక్కకు చిన్న రంధ్రం చేసి, నుదుటి మీద బొట్టు ఉన్నచోట మాత్రమే ఇంకాసేపు వెలుగు పడేట్టు పట్టుకున్నాను. మందు నీళ్లలో బొట్టు మెల్లగా తేలింది. చిన్నమ్మ ఊపిరి వదిలింది. తీరా బయటికొచ్చి చూస్తే, నా కంగారులో వెలుగు మరీ ఎక్కువై అది కాటుకలా వచ్చింది. ఛాయల గురించి ఆ రోజు ఇంక నోరెత్తలేదు.

సాయంత్రం ఆమెను తీసుకుపోవడానికి వచ్చిన చిన్నబాపు ఫోటోను వాకిట్లో వెలుతురుకు పట్టి చూశాడు.

"గిదేంది, బొట్టా, దిష్టి సుక్కనా?"

"దిష్టి సుక్కనే," అంది చిన్నమ్మ. "దినాం సూస్తవు గద, నీ దిష్టే తగుల్తదని పెట్టిచ్చిన."

చిన్నమ్మ సంచిలో పెడతానన్నా ఆయన ఫోటో ఇవ్వలేదు. బస్సెక్కేదాకా చేతిలోనే పట్టుకున్నాడు.