సూదక్క పట్టిన దొంగ స్క్రూ

ఆ ప్రయోగశాలలో అందరికీ ఆమె సూదక్క. గోరంత చిప్‌కు వెంట్రుకలో సగం మందం లేని తీగలను మైక్రోస్కోపు కింద సూదిమొనతో అతికించడం ఆమె పని. పద్దెనిమిదేళ్లుగా అదే. చెయ్యి వణుకుతుందేమోనని ఉదయం కాఫీ కూడా మానేసిన మనిషి.

ఆ ఏడాది తయారైన చిప్ మీద అందరూ కొండంత ఆశ పెట్టుకున్నారు. సున్నాకు రెండు వందల అరవై తొమ్మిది డిగ్రీలు దిగువన, ద్రవ హీలియంలో ముంచితే, అందులోని లోహం కరెంటును ఏ అడ్డూ లేకుండా పోనిస్తుంది. అప్పుడు ఒక చివర ఎనిమిది పల్సులు, అంటే రెప్పపాటు కూడా ఉండని కరెంటు తుళ్లింతలు, పంపితే, చిప్‌లోని గడి నుంచి గడికి గెంతుతూ ఎనిమిదీ రెండో చివర బయటపడాలి. రవ్వంత కరెంటుతో లెక్కలు చేసే యంత్రానికి అది తొలి మెట్టు.

అవి బయటపడితేగా! ఆరు వారాలుగా ఒకటే తంతు.

"ఇవాళా ఏడే వచ్చాయక్కా. తీగ ఊడిందేమో చూడవూ?" అంది పరీక్షలు చేసే ఇంజనీరమ్మాయి.

సూదక్క మనసు చివుక్కుమంది. పద్నాలుగు తీగలూ చూసింది. ఒక్కటీ కదల్లేదు. చిప్పే చెడిందనీ, కొత్తది చేయించాలనీ తేల్చేశారు ప్రయోగశాలను నడిపే మేడమ్. అంటే ఇంకో నాలుగు నెలలు.

ఎందుకో ఊరుకోలేక సూదక్క పరీక్షల పుస్తకం తిరగేసింది. సోమవారం మూడో గడిలో పల్సు తప్పిపోయింది. బుధవారం ఏడో గడిలో. నిన్న ఐదో గడిలో.

"ఇదేంటమ్మా? జబ్బు చిప్‌దైతే రోజూ ఒక్కచోటే నొప్పి పుట్టాలి కదా! చల్లబరిచినప్పుడల్లా చోటు మారుతోందే!"

ఇంజనీరమ్మాయి కుర్చీలోంచి లేచింది. "చల్లబడేటప్పుడు పక్కన అయస్కాంతం ఉంటే ఆ ప్రభావం లోహంలో ఒక్కోసారి ఒక్కోచోట ఇరుక్కుపోయి పల్సును ఆపేస్తుంది. కానీ చుట్టూ కవచం ఉందిగా అక్కా?"

"కవచం బయటివాటిని ఆపుతుంది. దొంగ లోపలే ఉంటే?"

సూదక్క తండ్రి గడియారాలు బాగుచేసేవాడు. అయస్కాంతం సోకిన గడియారం ఎలా పిచ్చి పరుగులు పెడుతుందో ఆమె చిన్నప్పుడే చూసింది. చిన్న దిక్సూచి తెచ్చి, చిప్ బిగించే పళ్లెంలోని భాగాలన్నీ విప్పి, ఒక్కొక్కటీ ముల్లు దగ్గరికి తెచ్చింది. పళ్లెం దగ్గర ముల్లు కదల్లేదు. మొదటి స్క్రూ, రెండోది... ఉలుకూ పలుకూ లేదు. మూడోదానికి ముల్లు గిర్రున తిరిగింది!

బ్లేడుతో గీకింది. పైన ఇత్తడి పూత, లోపల అయస్కాంతం పట్టే ఉక్కు.

సంబరం గుండెలోనే ఆగిపోయింది. రెండు నెలల కిందట, పాత స్క్రూ అరిగిపోతే, విడి సామాన్ల డబ్బాలోంచి దీన్ని తీసి బిగించింది తనే. అడిగేవాళ్లెవరూ లేరు. అయినా నేరుగా మేడమ్ గదికి వెళ్లి, స్క్రూను దిక్సూచి పక్కన పెట్టి చూపించింది.

"ఈ స్క్రూ బిగించింది నేనే, మేడమ్."

మేడమ్ ముల్లును చూశారు, ఆమెను చూశారు. "బిగించిందీ మీరే, పట్టిందీ మీరేనా! మరి ఇక్కడ నిలబడ్డారేం? పదండి!"

దాని స్థానంలో అసలైన ఇత్తడి స్క్రూ పడింది. గంటసేపు అంగుళం అంగుళంగా చిప్‌ను హీలియంలోకి దించారు. తెర మీద ఒకటి లేచింది. రెండు, మూడు... ఇంజనీరమ్మాయి పైకే లెక్కపెడుతోంది. ఏడు. సూదక్క తెర దగ్గరికి వంగింది. ఎనిమిది!

"వచ్చేశాయక్కా!" అంటూ ఆ పిల్ల ఆమెను వాటేసుకుంది. మేడమ్ మాత్రం వేడెక్కించి మళ్లీ దించమన్నారు. మళ్లీ ఎనిమిది. మూడోసారీ ఎనిమిది. అప్పుడు మేడమ్ కూడా చప్పట్లు కొట్టేశారు. ఆ మధ్యాహ్నం భోజనం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

నాలుగు నెలలు తిరిగేసరికి రెండు అంకెలు కూడే చిప్ ఒకటి సూదక్క బల్ల మీదికి వచ్చింది. దానికి నలభై తీగలు. "అబ్బో!" అనుకుంటూ కుర్చీ ముందుకు లాక్కుంది.