ముందు సీటు గాలి

నా చిన్నప్పుడు మా చిన్నాన్న ఒక పాత కారు కొన్నాడు. ఎవరో ఊటీలో వాడుకుని, మోజు తీరాక అమ్మేసిన బండి. ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటలు చేసే చిన్నాన్నకు ఆ ఏడు పంట కలిసొచ్చింది. బండి వచ్చిన రోజున మా వీధి వీధంతా కదిలి వచ్చి చూసింది. వీధంటే మూడిళ్ళు.

ఆ బండిలో ఏసీ లేదు. డ్యాష్‌బోర్డు లోపల ఒక ఫ్యాను మాత్రం ఉండేది. దాని గాలి బయటికి రావడానికి ముందు భాగంలో జాలీలు చాలానే పెట్టారు గానీ, వచ్చేది ఒక్కదాంట్లోంచే. ఎడమ మూల జాలీ. దాని ఎదురుగా కూర్చునే భాగ్యం చిన్నాన్న కూతురిది. నాకన్నా కొంచెం పెద్దది కాబట్టి అక్కా అని పిలవాలి. పిలిచేవాణ్ణి, మనసు లేకుండా. వెనక కూర్చుంటే ఆమెకు వాంతులవుతాయట. వాంతులు కూడా ఒక అర్హతేనని నాకు అప్పుడే తెలిసింది. నేనూ ప్రయత్నించాను. రాలేదు.

వెనక సీటు నాదీ, మా అవ్వదీ. బండి కదిలితే చాలు, ముందు అక్క జుట్టు పైకి లేచేది. ఆమె వైపు కిటికీ అద్దం దిగదు, దించే పిడి ఊటీలోనే ఊడిపోయిందట. అంటే ఆ జుట్టును ఎగరేస్తున్నది జాలీ గాలే. దారి పొడుగునా నేను ఆ జుట్టునే చూస్తూ కూర్చునేవాణ్ణి. ఆ రోడ్ల పక్కన ఏమేం ఉన్నాయో నాకు ఇప్పటికీ తెలియదు. అవ్వ నా తల ఒళ్ళో పెట్టుకుని తాటాకు విసనకర్రతో విసిరేది. అది నాకు గాలి కిందే లెక్క కాదు. నాకు కావలసింది అక్క గాలి.

అక్కకు ఆ సంగతి బాగా తెలుసు. మధ్యమధ్యలో వెనక్కి తిరిగి, "ఏందిరా, ముందరకి వస్తావా? గేరు మీద కూసుంటావా?" అనేది.

ఒక ఎండాకాలం బిట్రగుంటలో చుట్టాల ఇంటి గృహప్రవేశానికి వెళ్ళాం. బండి దిగగానే అవ్వ కొంగుతో అక్క మొహం తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఎందుకో ఆగింది. అక్క మోకాళ్ళు ముట్టుకుని చూసింది. ఏదో అడిగింది. అక్క తల అడ్డంగా ఊపింది. నాకు అది కూడా గిట్టలేదు. గాలీ ఆమెకే, కొంగూ ఆమెకేనా అనుకున్నాను.

భోజనాలయ్యాక బండి దగ్గరికి వస్తే అవ్వ నన్ను పిలిచింది. "అబ్బయా, ముందర కూసుంటావా? కూసుంటే మాత్రం ఊరొచ్చేదాకా మారేది లేదు" అంది. ఆమె మాట పూర్తి కాకముందే నేను సీట్లో ఉన్నాను. అక్క చేతికి ఒక నిమ్మకాయ ఇచ్చి, "నువ్వు దీన్ని వాసన చూస్తా పడుకుందువు రా" అని వెనక్కి తీసుకుపోయింది.

బండి కదిలింది. ముందు గాలి తగిలింది, తర్వాత దాని వేడి తగిలింది. బొరుగులు వేయించే బట్టీ ఎదుట కూర్చోబెట్టినట్టుంది. ఎండాకాలం మా ఊళ్ళో గాలి ఎలాగూ వేడే, కానీ ఈ వేడికి ప్రత్యేకంగా నా మీద కక్ష ఉంది. అద్దం దిగదు. జాలీ మూసేద్దామంటే దాని రెక్కలు విరిగి ఉన్నాయి. తనవైపు కిటికీ బార్లా తెరుచుకుని నడుపుతున్న చిన్నాన్న, "బాగుండాదా?" అని అడిగాడు. బాగుందన్నాను. అన్నాళ్ళు ఏడ్చి సంపాదించిన సీటు, బాగాలేదని ఏ మొహంతో చెప్పను?

వెనక్కి తిరిగి చూశాను. అక్క అవ్వ ఒళ్ళో తల పెట్టుకుని, విసనకర్ర గాలికి కళ్ళు మూసుకుని ఉంది. అది అంత బాగుంటుందని నాకు ముందు సీట్లోంచి చూసేదాకా తెలియలేదు. ఈసారి నాకు నా సీటు మీదే కుళ్ళు పుట్టింది.

ఇంటి దగ్గర దిగాక అవ్వ నా చెంప ముట్టుకుని చూసింది. "ఎట్టుండాది గాలి?"

"కాలిపోతా ఉండాది."

"దాన్నడిగితే చెప్పలా. నువ్వయితే చెప్తావని కూసోబెట్టినా" అంది. తర్వాత చిన్నాన్న వైపు తిరిగి, "బండి సంగతి చూడు. బిడ్డలు ఉడికిపోతా ఉండారు" అంది.

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అక్కను అడిగాను. "చెప్తే ఆ సీటు కూడా పోతాది. నువ్వు అవ్వ ఒళ్ళో దొర మాదిరి పడుకోని వస్తా ఉంటే నాకెట్టుంటాదనుకున్నావు? నాకూ ఏదో ఒకటి ఉండాల గదా" అంది. అంత కుళ్ళు నా ఒక్కడిదే అనుకుని గర్వపడుతున్న నాకు అది కొంచెం నిరాశే.

మర్నాడు చిన్నాన్న డ్యాష్‌బోర్డు విప్పాడు. గుంటల్లో మిషన్లు విప్పినవాడికి ఇదొక లెక్కా అన్నాడు. తేలిందేమిటంటే, గాలి తక్కువగా ఉందని ఆయనే ఎప్పుడో ఒక మీటను నీలం గుర్తు నుంచి ఎర్ర గుర్తుకు జరిపాడు. ఎరుపంటే ఎక్కువ గాలి అని ఆయన ఉద్దేశం. అది ఊటీ చలికి పెట్టిన హీటరు. మా వైపు బండిని వేడి చేసుకోవలసిన అవసరం ఎవరికీ పుట్టలేదు కాబట్టి, కాదని చెప్పేవాళ్ళూ లేకపోయారు. ఉప్పుగాలికి లోపలి తీగ తుప్పుపట్టి, వేడి గాలిని ఆపే రేకు తెరుచుకున్నది తెరుచుకున్నట్టే బిగుసుకుపోయింది. మధ్య జాలీకి పోయే గొట్టం నిండా సరుగుడాకు. చిన్నాన్న వైపు గొట్టం అసలు ఊడిపోయి, గాలంతా డ్యాష్‌బోర్డు లోపలే తిరుగుతోంది. ఆకు లాగేసి, ఊడిన గొట్టాన్ని వల దారంతో కట్టి, రేకుకు నూనె పోసి పోసి నీలం వైపుకు జరిపాడు. చివరికి కొన్ని మరలు మిగిలాయి. అవి బండికి అవసరం లేనివన్నాడు.

ఆ రోజుతో నా కుళ్ళు పోయిందని రాస్తే బాగుంటుంది గానీ, పోలేదు. ఎవరైనా కొత్త ఇల్లు కట్టినా, పెద్ద ఉద్యోగంలో చేరినా, నాకు ముందు కడుపులోనే తెలుస్తుంది. కాకపోతే ఇప్పుడు వాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఎలా ఉంది అని అడుగుతాను. బాగుంది అంటారు, అందరూ అదే అంటారు. నేను వెంటనే లేచి రాను. ఇంకో కాఫీ తాగుతూ కూర్చుంటాను. కాసేపటికి రెండో జవాబు వస్తుంది. అది విన్నాక నా కుళ్ళు సగం తగ్గుతుంది, వాళ్ళ మీద కాస్త ప్రేమ కూడా పుడుతుంది. మిగతా సగం ఇంటికి తెచ్చుకుంటాను. చిన్నప్పటి నుంచీ ఉన్నది, ఒక్కసారిగా వదిలేస్తే బెంగ పెట్టుకుంటుంది.