కలనేత చీరకు ఒక ఇంగ్లీషు మాట

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం నగరి నుంచి అత్త ఫోన్ చేసింది. "పాపా, మీ మామ పోయినాడు. అన్నం తిని మగ్గం కాడికి పోతా గుమ్మంలోనే కూలబడినాడు," అంది. మీకు చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఏడుపు కంటే ముందు నాకు ఒళ్లు మండింది. ఒక్క మాట కోసం రెండేళ్లు నన్ను సతాయించి, ఆ మాట తీసుకోకుండానే వెళ్లిపోయాడు మా మేనమామ.

నేను తిరుపతిలో డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. ఆయన నేతగాడు. ఊరంతా కరెంటు మగ్గాలు మోగుతున్నా చేతిమగ్గం వదల్లేదు. నేసేది కలనేత నూలు చీరలు. నిలువున పడుగు దారం ఊదా, అడ్డంగా పేక దారం ఆకుపచ్చ. ఈ పక్క నుంచి చూస్తే ఒక రంగు, ఆ పక్క నుంచి ఇంకో రంగు. రెండేళ్ల కిందట చెన్నైలో ఒక కొట్టాయన ప్రతి చీరకూ ఇంగ్లీషులో చిన్న కార్డు పెట్టమన్నాడట. అందులో చీర వెలుగు గురించి ఒక్క వాక్యం ఉండాలి. దాని కోసం మామ చీరను సంచిలో పెట్టుకుని, బస్సెక్కి మా ఇంటికి వచ్చాడు.

నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, తలెత్తకుండానే 'షైన్స్' అని రాసిచ్చాను.

"అంటే ఏంది పాపా?"

"మెరుస్తుంది అని."

"స్టీలు చెంబు మెరస్తాది. నా చీర చెంబా?"

గ్లిట్టర్ అన్నాను. తళుకులకు వాడతారని చెబితే, ఇది ఉత్త నూలు గదా అన్నాడు. గ్లో అన్నాను, నిప్పు కణికలా లోపలి నుంచి వచ్చే వెలుగు అని. చీర మడత విప్పి చూసి, "దీని లోపల దారం తప్ప ఏముండాది?" అన్నాడు. అన్నీ ఓపిగ్గా వింటాడు, దేనికీ ఒప్పుకోడు. పైగా కాఫీ తాగుతూ, "తొందరేం లేదులే, ఇంకోటి సూడు," అంటాడు.

"కొనేవాళ్లు ఇంత చూస్తారా మామా?" అని విసుక్కున్నాను.

"నేసినోడు సూస్తాడు గదా."

ఆ గొంతులో కోపం లేదు. అది నాకు ఇంకా చిరాకు.

మూడోసారి వచ్చినప్పుడు సరైన మాటే చెప్పాను: షిమ్మర్. అర్థం మాత్రం నిఘంటువులో ఉన్నట్టు 'మిణుకుమిణుకుమనడం' అని అప్పజెప్పాను. "మిణుకుమనేది ఆరిపోయే దీపం పాపా. నా చీర ఆరిపోతా ఉండాదా?" అంటూ మడిచి సంచిలో పెట్టుకున్నాడు. ఏళ్ల తరబడి పిల్లలకు నేను చెబుతున్నదీ ఆ అర్థమే, ఒక్కరూ ఎదురు అడగలేదు. ఆ తర్వాత ఆయన ఫోన్ చేస్తే క్లాసులో ఉన్నానని పెట్టేసేదాన్ని. క్లాసు లేనప్పుడు కూడా.

దినాలు అయిన మర్నాడు నగరిలో అత్త ఒక కార్డుల కట్ట తెచ్చి నా ముందు పెట్టింది. మంచి అట్ట మీద అచ్చు వేయించాడు. నగరి చేనేత, కలనేత నూలు అని ఇంగ్లీషులో ఉంది, దాని కింద 'ఈ చీర' అని. ఆ తర్వాత ఒక ఖాళీ గీత.

"మా పాప వచ్చి రాస్తాదిలే అనేవాడు. కొట్టాయనకీ అదే చెప్పినాడు," అంది అత్త.

రెండేళ్లుగా ఆయన చీరలు ఆ ఖాళీతోనే చెన్నై వెళ్లాయి. ఎంఏలో నాకెవరూ నేర్పనిది ఆయన నేర్పాడు, మాటను వస్తువు పక్కన పెట్టి సరిపోయిందో లేదో చూడాలని. ఆ సంగతి ఆయనకు చెప్పడానికి నాకు తీరిక దొరకలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది. పెన్ను తీసి పై కార్డు మీద షిమ్మర్స్ అని రాశాను.

"అంటే ఏంది?" అంది అత్త.

ఈసారి నిఘంటువు జోలికి పోలేదు. ఆయన నేసిన చివరి చీరను కిటికీ పక్కన దండెం మీద పరిచాను. దాన్నే చూస్తూ గుమ్మం దాకా నడవమని అత్తకు చెప్పాను. ఊదాలోంచి ఆకుపచ్చ పాకుతూ వచ్చింది. ఆమె ఆగితే ఆగింది, కదిలితే కదిలింది.

"ఇదే అత్తా, ఒకచోట నిలవని మెత్తటి వెలుగు."

"దీనికి మాట గూడా ఉండాదా?" అంది అత్త. "మగ్గం మీంచి దించిన ప్రతి చీరనీ నా భుజాన ఏసి, అటూ ఇటూ నడువు, నేను సూస్తా అనేవాడు."

చీర తీసి భుజాన వేసుకుంది. గుమ్మం దాకా పోయి తిరిగి వచ్చింది. మళ్లీ పోయింది. వచ్చేటప్పుడు మగ్గం వైపు తిరిగి, "సూసినావా?" అని అడిగింది.